ఒంటరివాళ్ళ వరస

పోయిన వారం మనం సూప్ దగ్గర ఆగిపోయాం. కాలీఫ్లవర్ సూప్. గురువారం సాయంత్రం ఆరు గంటలు. క్లిప్పెరో హోటల్ భోజనాల గదిలో పొడవాటి బల్లకి రెండువైపులా పందొమ్మిది మందిమి కూర్చుని ఉన్నాం. పై కుర్చీలో ఉన్న బిడ్‌స్ట్రుప్ గారు, కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి, చెంచా కింద పెట్టి, మీసం తుడుచుకుని, "ఎలినోర్ రాస్క్ గారు కూర్చున్నది తప్పు కుర్చీ" అన్నారు.

ఆ మాట ఎంత పెద్దదో క్లిప్పెరోలో ఉండనివాళ్ళకి అర్థం కాదు కాబట్టి ఇంకోసారి చెబుతాను. ఇక్కడ ఎవరి కుర్చీ వాళ్ళు ఎంచుకోరు. కొత్తగా వచ్చినవాళ్ళు వంటింటి తలుపు పక్కన చిట్టచివర కూర్చుంటారు. పైవాళ్ళలో ఒకరు ఊరెళ్ళిపోతే కిందివాళ్ళంతా ఒక్కో కుర్చీ జరుగుతారు. అందరికంటే ముందొచ్చినవాళ్ళది యజమానురాలు ఆగాథా కోఫోడ్ గారి పక్క కుర్చీ. కుటుంబాలతో వచ్చినవాళ్ళు కిటికీలకి వీపు పెట్టి ఒక వరస, ఒంటరిగా వచ్చినవాళ్ళు గోడ వైపు, సముద్రం కనబడేలా, ఇంకో వరస. పక్కన మాట్లాడే మనిషి లేనివాళ్ళకి చూడ్డానికి సముద్రమైనా ఉండాలని ఆగాథా గారి తల్లి అరవై ఐదేళ్ళ కిందట పెట్టిన పద్ధతి అది. నా భార్య డాగ్నీ బతికున్నప్పుడు తొమ్మిది వేసవులు నేను ఆ సముద్రానికి వీపు పెట్టే భోంచేశాను. ఎప్పుడూ లోటనిపించలేదు. గోడ వైపు కూర్చోవడం ఈ ఏడాదే మొదలు.

ఈ పద్ధతిలో ఇంకొకటుంది. స్టీమరు దిగిన రోజే లెక్క. ఒకే స్టీమరులో దిగినవాళ్ళు కింది నుంచి పైదాకా పక్కపక్కనే ప్రయాణం చేస్తారు. బుధవారం స్టీమరువాళ్ళ లెక్కలో ఎలినోర్ గారూ నేనూ అలాగే మూడు వారాల్లో వంటింటి తలుపు దగ్గర్నుంచి పైకి వచ్చాం. ఆవిడది ఐదో కుర్చీ, నాది ఆరు. ఆవిడ కోపెన్‌హేగన్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో చేసి మానేశారు. భర్త పోయి చాలా కాలమైంది. నేను బళ్ళో ప్రకృతిశాస్త్రం చెప్పేవాణ్ణి. పక్క కుర్చీలో ఒక మనిషి రొట్టెకి వెన్న రాసుకునే చప్పుడు వింటూ తినడం ఎంత బాగుంటుందో ఐదేళ్ళుగా మర్చిపోయి ఉన్నాను.

"ఆవిడ దిగింది సోమవారం" అన్నారు బిడ్‌స్ట్రుప్ గారు. "జూన్ రెండు, పొద్దుటి స్టీమరు. బూడిదరంగు కోటు, ఒక పెట్టె. బుధవారం కానే కాదు. నేను రేవులోనే ఉన్నాను."

"మీరు రేవులో ఏం చేస్తున్నారు?" అడిగారు సిసెల్ రోమర్ గారు. నాలుగో కుర్చీ ఆవిడదే. ఎక్కడో జూట్లాండ్‌లో చర్చిలో ఆర్గన్ వాయిస్తారు. మంగళవారం వచ్చారు.

"రోజూ ఉంటానమ్మా. ముప్ఫై రెండేళ్ళు ఓడ దిగేవాళ్ళని చూసిన కళ్ళు ఇవి. రిటైరయ్యారు, ఇక పడుకోండి అంటే పడుకుంటాయా?"

"మరి ఈ మూడు వారాలూ ఏం చేశాయట? కునుకు తీశాయా?"

కిటికీల వైపు వరసలో ఎవరో నవ్వారు. బిడ్‌స్ట్రుప్ గారు నవ్వలేదు.

"మర్యాద కాదని ఊరుకున్నాను. ఎల్లుండి నేను వెళ్ళిపోతున్నాను. ఈ వరసని తప్పుతో అప్పగించి వెళ్తే దారిపొడుగునా నాకు కూర్చోబుద్ధి కాదు. రాస్క్ గారు నాలుగో కుర్చీలోకి రావాలి. మీరు ఐదులోకి దిగాలి. అంతే."

"దిగుతాను. నాకేం? చేపలోకి నంజుకునే ఆవముద్ద గిన్నె నాతోపాటు దిగితే చాలు."

బిడ్‌స్ట్రుప్ గారు "అంతే" అని తేల్చేశారు. కానీ లెక్క నాకు అప్పటికే తట్టింది. రోమర్ గారు ఐదులోకి దిగితే ఎలినోర్ గారికీ నాకూ మధ్య ఒక మనిషి వస్తుంది. ఒక కుర్చీ వెడల్పు, రెండడుగులు. అరవై ఒక్కేళ్ళ మనిషి రెండడుగుల కోసం గొంతు పెంచడం బాగుండదు. అయినా పెంచాను.

"పొరపాటు పడ్డారండీ. ఆవిడ నాతోపాటే బుధవారం దిగారు. రేవు నుంచి ఆవిడ పెట్టె మోసుకొచ్చింది నేనే."

"స్టీమరులోంచి దిగడం చూశారా?"

చూశానని చెప్పడానికి నోరు తెరిచాను. చూడలేదు. నేను దిగేసరికి ఆవిడ రేవు మీద నిలబడి ఉన్నారు, పక్కన పెట్టె పెట్టుకుని, స్టీమరు వైపు తిరిగి. దిగినవాళ్ళు ఊరి వైపు తిరిగి నిలబడతారు. స్టీమరు వైపు తిరిగేది ఎక్కబోయేవాళ్ళు. పక్షి ఎటు తిరిగి కూర్చుందో చూస్తే గాలి ఎటునుంచి వస్తోందో తెలుస్తుందని పాతికేళ్ళు పిల్లలకి చెప్పినవాణ్ణి, ఒక మనిషి ఎటు తిరిగి ఉందో చూడలేకపోయాను.

ఎలినోర్ గారు నాప్‌కిన్‌ని నాలుగు మడతలు పెట్టారు.

"ఇన్‌స్పెక్టరు గారు చెప్పింది నిజమే. సోమవారమే దిగాను. నా కోసం ఎవరూ జరగక్కర్లేదు. రేపు పొద్దుటి స్టీమరుకి నేను వెళ్ళిపోతాను. అప్పుడు వరస దానంతటదే సర్దుకుంటుంది."

అని లేచి, వరండా తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

క్లిప్పెరోలో ఆగాథా గారు లేవకముందు ఎవరూ బల్ల ముందునుంచి లేవరు. నాకు తెలిసి ఒక్కరే లేచారు, ఆయన ఇల్లు తగలబడుతోందని టెలిగ్రాం వచ్చింది. నేను కుర్చీ అంచు పట్టుకుని ఆగాథా గారి వైపు చూశాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, వెన్ను ఇంకా వంగలేదు. ఆవిడ సూప్ తాగుతూనే, తల ఎత్తకుండా అన్నారు.

"ట్రాన్‌బెర్గ్ గారూ, బయట గాలిగా ఉంది. ఆవిడ శాలువా కుర్చీ మీదే ఉండిపోయినట్టుంది. కాస్త ఇచ్చి వస్తారా?"

నియమం చెక్కుచెదరకుండా ఒక మనిషిని ఎలా వదలాలో తెలిసినవాళ్ళు తక్కువ. శాలువా తీసుకుని వెళ్ళాను.

ఆవిడ స్నానాలకి దిగే చెక్క వంతెన చివర కూర్చుని ఉన్నారు. ఎండ ఇంకా బాగానే ఉంది. ఇసకలో మొన్నటి సాంక్ట్ హాన్స్ పండగ మంట తాలూకు బూడిద నల్లగా గుండ్రంగా మిగిలి ఉంది. చేపలకి పొగపెట్టే కొట్టాల తెల్ల గొట్టాల్లోంచి పొగ తిన్నగా పైకి లేచి, అంత ఎత్తున గాలి తగిలి వంగుతోంది.

"మీ సూప్ చల్లారిపోతుంది" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"మీదీ చల్లారుతోంది."

శాలువా ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఈడర్ బాతు ఒకటి ఏడు పిల్లల్ని వెంటేసుకుని రాళ్ళ మధ్యనుంచి పోతోంది. దాని గురించి చెప్పబోయి ఊరుకున్నాను.

"కోపం రాలేదా మీకు? మూడు వారాలు అబద్ధమాడాను."

"ఎక్కడ ఆడారు? ఒకే స్టీమరులో వచ్చాం కదండీ అని నేనే పదిసార్లు అన్నాను. మీరు ఔననలేదు, కాదనలేదు. ఉప్పు ఇలా ఇవ్వండి అన్నారు."

ఆవిడ నవ్వారు. నవ్వి, చేత్తో మొహం తుడుచుకున్నారు.

"ఆ బుధవారం మీరేం చేశారో మీకు తెలుసా? సోమవారం దిగి హోటల్ గేటు దాకా నడిచాను. లోపలికి వెళ్ళలేక వెనక్కి తిరిగి, ఆ చేపలవాళ్ళింట్లో పైగది తీసుకున్నాను. మంగళవారం వెళ్ళిపోదామని రేవుకి వచ్చాను. ఎక్కలేకపోయాను. బుధవారం గట్టిగా అనుకునే వచ్చాను. పెట్టె ఎత్తబోతున్నాను. ఇంతలో పొడుగాటి మనిషి ఒకాయన వచ్చి, టోపీ తీసి, 'క్లిప్పెరోకేనా అమ్మా? నేనూ అక్కడికే' అని పెట్టె తీసుకుని చరచరా నడక సాగించాడు. నా బట్టలన్నీ అందులో ఉన్నాయి. ఏం చెయ్యను? పెట్టె వెనకే వచ్చాను."

నా చెవులు వేడెక్కాయి. "ఒక్క మాట చెప్పాల్సిందండీ!"

"సందిస్తేగా? ఈడర్ బాతుల సంగతి ఎత్తుకున్నారు. మగవి పిల్లల్ని పెంచవు, రంగుల కోటేసుకుని దూరంగా పోతాయి అంటూ కొండెక్కేదాకా ఆపలేదు. గుమ్మంలో ఆగాథా గారు రిజిస్టరు తెరిచి పట్టుకున్నారు. రాసేశాను."

"ఇంతకీ ఎందుకొచ్చారు? ఎందుకు వెళ్ళిపోదామనుకున్నారు?"

ఆవిడ శాలువా అంచు దారాలు సరిచేశారు.

"నేనిక్కడ పనిపిల్లని. పందొమ్మిది వందల ఇరవై ఒకటి వేసవి. నాకు పందొమ్మిది, మా చెల్లెలు పెట్రీనెకి పదిహేడు. ఇద్దరం కలిసే కుదిరాం. అటకగదిలో ఇద్దరికీ ఒకే మంచం. ఆ బల్లకి నేను సూప్ వడ్డించాను ట్రాన్‌బెర్గ్ గారూ. ఇప్పుడు మీరు కూర్చున్న కుర్చీకీ వడ్డించాను. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌కి అమ్మాయిలు కావాలంటే ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఆగస్టులో ఉత్తరం వచ్చింది. ఒక్కరినే రమ్మన్నారు."

"మిమ్మల్ని."

"తనని."

బాతులు రాయి దాటి కనుమరుగయ్యాయి.

"పోస్టుమాన్ నా చేతికిచ్చాడు. తను వెనక తోటలో బఠాణీలు వలుస్తోంది, పాడుకుంటూ. పాట వినబడుతూనే ఉంది. నేను పైకెళ్ళి బట్టలు సర్దుకుని మధ్యాహ్నం స్టీమరెక్కాను. అక్కడికి వెళ్ళి, మా చెల్లికి వీలు కాలేదు, బదులు నన్ను తీసుకోండి అన్నాను. తీసుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు ఆ బోర్డు ముందు కూర్చుని ఎవరెవరినో కలిపాను. ఈ దీవి నుంచి కాల్ వచ్చిందంటే పక్కమ్మాయికి తోసేదాన్ని."

"ఉత్తరం ఎప్పుడూ రాయలేదా?"

"మొదటి ఏడాది ఏం రాయాలో తోచలేదు. రెండో ఏడాది ఆలస్యం ఎందుకైందో కూడా రాయాలి. పదేళ్ళయ్యాక ఇక ఎంత కాగితమూ చాలదు." ఆవిడ నా వైపు తిరిగారు. "తను ఏమైందో కనుక్కుందామని వచ్చాను. పోయిందంటారేమోనని అడగలేదు. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ రోజూ మీ పక్కన కూర్చుని తిన్నాను. నవ్వాను. నిద్ర కూడా బాగా పట్టింది. అన్నిటికంటే అదే సిగ్గుగా ఉంది నాకు. హాయిగా ఉండటం."

దీనికి నా దగ్గర ఒక్కటే జవాబుంది. అదీ పుస్తకాల్లోంచి వచ్చింది కాదు.

"డాగ్నీ చనిపోయిన ఏడాది, ఒక పొద్దున్న లేచి చూస్తే రాత్రంతా మెలకువ రాకుండా నిద్రపోయానని తెలిసింది. మీకులాగే సిగ్గేసింది. వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ సిగ్గు ఎవరికీ పనికిరాదండీ. డాగ్నీకి అసలే పనికిరాలేదు."

ఆవిడ శాలువా భుజాల మీదికి లాక్కున్నారు.

"స్టీమరు రేపు పొద్దున్న ఎనిమిదింటికి. భోజనం ఇంకా సగం ఉంది. లోపలికొచ్చి అడగండి. అడిగాక కూడా వెళ్ళాలనిపిస్తే, పెట్టె నేనే మోస్తాను."

"మీరు మోస్తే అది మళ్ళీ హోటల్‌కే చేరుతుంది" అని లేచారు.

మేం లోపలికి వెళ్ళేసరికి చేప ఇంకా రాలేదు. అందరూ ఖాళీ పళ్ళేల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మా ఇద్దరి సూప్ పళ్ళేల మీద ఇంకో రెండు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి, వేడి పోకుండా. "మూత పెట్టింది ఇన్‌స్పెక్టరు గారు" అని రోమర్ గారు నా చెవిలో చెప్పారు. ఆయన ఉప్పు గిన్నెని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

ఎలినోర్ గారు కూర్చోలేదు.

"ఇన్‌స్పెక్టరు గారు వరస సరిగ్గా ఉండాలంటున్నారు కాబట్టి పూర్తిగానే చెబుతాను. నేను సోమవారం దిగాను. దానికి ముందు ముప్ఫై ఏడేళ్ళ కిందట కూడా దిగాను. ఈ బల్లకి వడ్డించడానికి. చెప్పకుండా వెళ్ళిపోయాను. పనివాళ్ళు కూర్చోకూడని బల్ల ముందు మూడు వారాలుగా కూర్చుంటున్నాను. ఆగాథా గారూ, మన్నించండి."

కిటికీల వైపు వరసలో ఒకావిడ "అయ్యో" అంది. ఎందుకందో ఆవిడకే తెలియదనుకుంటాను.

"నాకు మొదటి రాత్రే తెలుసు" అన్నారు ఆగాథా గారు.

"మొహం గుర్తుందా మీకు?"

"లేదు. మొహం చూసి పోల్చలేదు. వడ్డించే పిల్ల వచ్చినప్పుడు అతిథులు మాట్లాడుకుంటూనే ఉంటారు, మోచెయ్యి కూడా తియ్యరు. మీరు మాట ఆపి, గ్లాసు జరిపి, ఎడమ భుజం ఇంత లోపలికి తిప్పుతారు. అలా చేసేది వడ్డించి చెయ్యి కాల్చుకున్నవాళ్ళే. అది గమనించడం మా అమ్మ నేర్పింది. ఆ రాత్రే రిజిస్టరు తిరగేసి ఎలినోర్ అన్న పేరు చూశాను. ఇక కష్టమేముంది?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"అతిథి చెప్పుకోనిది అడగకూడదని కూడా మా అమ్మే నేర్పింది." ఆవిడ బిడ్‌స్ట్రుప్ గారి వైపు తిరిగారు. "ఇన్‌స్పెక్టరు గారూ, వరస సంగతి మీరెత్తారు కదా. మీరే తేల్చండి. ముందొచ్చింది ఎవరు?"

బిడ్‌స్ట్రుప్ గారి మొహంలో అంత పెద్ద కష్టం నేనెప్పుడూ చూడలేదు. పెదాలు కదిలాయి. వేళ్ళు బల్ల మీద ఏవో ఏళ్ళు దాటుకుంటూ వెళ్ళాయి.

"డబ్బిచ్చి ఉండటానికి వచ్చారా, పనికి వచ్చారా అన్నది..." అని మొదలుపెట్టి ఆగారు. "మీ అమ్మగారి నియమంలో ఏముంది?"

"ముందొచ్చినవాళ్ళు ముందు. ఇంకేమీ లేదు."

"అయితే" అన్నారాయన, నెమ్మదిగా లేస్తూ, "తప్పు కుర్చీలో ఉన్నది నేను." మెడ దాకా ఎర్రబడ్డారు. కుర్చీ వెనక్కి లాగి, దాని మీద పడ్డ రొట్టె పొడిని తన నాప్‌కిన్‌తో దులిపి, పక్కకి తప్పుకుని నిలబడ్డారు. "రండి రాస్క్ గారూ."

తర్వాతి రెండు నిమిషాలూ గదిలో కుర్చీల చప్పుడే. పై నలుగురూ ఎవరి గ్లాసు వాళ్ళు, ఎవరి చెంచా వాళ్ళు పట్టుకుని ఒక్కో కుర్చీ కిందికి దిగారు. సంతలో సామాను మార్చుకుంటున్నట్టుంది. ఎలినోర్ గారి ఐదో కుర్చీలోకి రోమర్ గారు వచ్చిపడ్డారు, ఆవముద్ద గిన్నెతో సహా. నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను. ఆవిడకీ నాకూ మధ్య నాలుగు కుర్చీలు. గెలిచినందుకు ఇంత దూరం పడుతుందని వంతెన మీద కూర్చున్నప్పుడు నేననుకోలేదు.

"పాపం" అన్నారు రోమర్ గారు మెల్లగా. "మేం నలుగురం వెళ్ళిపోతేగానీ మీకు ఆ పక్క కుర్చీ రాదు. నేను ఆగస్టు దాకా ఉంటాను మరి. గాలి నాకు పడుతోంది."

"సంతోషం" అన్నాను. నిజంగానే సంతోషంగా ఉంది. ఇందాక ఖాళీ అయిపోతుందనుకున్న వరసలో ఆవిడ ఇంకా ఉన్నారు. నాలుగు కుర్చీల అవతల ఉంటే మాత్రమేం, ఉన్నారు.

కానీ ఎలినోర్ గారు కూర్చోలేదు. పై కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నారు.

"ఇక్కడ నేను కూర్చోకూడదు ఆగాథా గారూ. ఇది ఒంటరిగా వచ్చినవాళ్ళ వరస. ఆ ఏడాది లెక్కలోకి తీసుకుంటే, నేను ఒంటరిగా రాలేదు."

ఆగాథా గారు చేతిలోని రొట్టె ముక్క కింద పెట్టారు. మూడు వారాలుగా ఆవిడ చెప్పకుండా ఉన్నదీ, ఎలినోర్ గారు అడగకుండా ఉన్నదీ ఒకటేనని నాకప్పుడు అర్థమైంది. ఎలినోర్ గారే అడిగారు.

"మా పెట్రీనె ఉందా?"

"మూడు వారాలుగా ఎవరి చేతి వంట తింటున్నారనుకున్నారు?"

క్లిప్పెరోలో వంట చేసేది హోల్మ్ గారని అందరికీ తెలుసు. ఆవిడని చూసినవాళ్ళు మాత్రం మాలో ఎవరూ లేరు. వెనక గుమ్మంలోంచి వస్తారు, వెనక గుమ్మంలోంచే పోతారు. డాగ్నీ ఒకసారి ఎర్రపళ్ళ జావ ఎలా చేస్తారో అడిగిరమ్మని నన్ను పంపితే, జవాబు కాగితం మీద రాసి పనిపిల్ల చేత పంపారు. అంతే.

"ఇరవై ఆరేళ్ళుగా ఆ వంటిల్లు తనదే" అన్నారు ఆగాథా గారు. "పడవలు చేసే హోల్మ్‌ని చేసుకుంది. ఇద్దరు కొడుకులు. మనిషి బాగానే ఉంది. పొద్దునే మోకాళ్ళ నొప్పని గొణుగుతుంది, అంతే."

ఎలినోర్ గారి చెయ్యి కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"నేనున్నానని తనకి తెలుసా?"

"మొదటి వారమే తలుపు సందులోంచి చూసింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే, నేను ఇంకా కాఫీ కూడా తాగకముందే వచ్చి ఒకటే ప్రశ్న. 'ఆ కోపెన్‌హేగన్ ఆవిడ ఎప్పుడు వెళ్తుంది?' అని." ఆగాథా గారు పళ్ళెం పక్కకి జరిపారు. "వెళ్ళాలని అడుగుతోందో, వెళ్ళిపోతుందేమోనని అడుగుతోందో, ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను, నాకే తెలియలేదు. అది మీరే కనుక్కోవాలి."

వంటింటి తలుపు గదికి ఆ చివర ఉంది. అతిథులు దాన్ని దాటరు. ఎలినోర్ గారు గోడ వెంబడి నడిచారు, మా అందరి వెనకగా. నా కుర్చీ దగ్గరికి వచ్చినప్పుడు అడుగు కొంచెం ఆగింది, మళ్ళీ సాగింది. తలుపు ముందు నిలబడి చెయ్యి ఎత్తారు, దించారు. మళ్ళీ ఎత్తారు. లోపల గిన్నెల చప్పుడు అప్పటికే ఆగిపోయి ఉంది. తలుపు తట్టకముందే లోపలినుంచి ఒక గొంతు వచ్చింది, బొంగురుగా, విసుగ్గా.

"కాళ్ళు తుడుచుకుని రావే. ఇప్పుడే నేల కడిగాను."

తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

మేం పద్ధెనిమిది మందిమి మిగిలాం. చేప ఆ తలుపు అవతల ఉంది, వడ్డించే పిల్ల కూడా. వెళ్ళి తెమ్మని ఎవరికి చెబుతాం?

మొదట ఒక పళ్ళెం పగిలిన చప్పుడు వచ్చింది.

"జారిపడిందేమో" అన్నారు బిడ్‌స్ట్రుప్ గారు.

రెండోది పగిలింది. అది జారి పడ్డ చప్పుడు కాదని అందరికీ తెలుస్తూనే ఉంది.

"అవి నీలిపూల పళ్ళేలు" అన్నారు ఆగాథా గారు, రొట్టె తుంచుకుంటూ. "నాకెప్పుడూ నచ్చలేదు."

మూడోది పగల్లేదు. చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఏదో వినబడింది. నవ్వో, ఏడుపో, రెండు గొంతులో, ఒకటో. ఎదురుగా ఉన్న దంతవైద్యుడి చిన్న కూతురు "అమ్మా, చేప రాదా ఇంక?" అంది. వాళ్ళమ్మ ఊరుకోమంది. రోమర్ గారు ఆవముద్ద గిన్నె నా వైపు జరిపారు, అది ఇప్పుడు దేనికీ పనికిరాదని తెలిసి కూడా.

అప్పుడు తలుపు మళ్ళీ తెరుచుకుంది. పొట్టి మనిషి, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు, ఎలినోర్ గారి గడ్డమే అచ్చుగుద్దినట్టు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో గరిటె ఉంది. ఇరవై ఆరేళ్ళుగా వండి పంపిస్తున్న గదిని మొదటిసారి చూస్తున్నదానిలా ఈ చివరనుంచి ఆ చివరికి చూసింది.

"మీలో ఆంకర్ ఎవరు?"

ఎవరూ పలకలేదు. నా పేరే అయినా నేనూ పలకలేదు. క్లిప్పెరోలో నేను ట్రాన్‌బెర్గ్ గారిని. డాగ్నీ పోయాక ఆ పేరు పెట్టి నన్ను పిలిచినవాళ్ళు లేరు. ఆ వంటింట్లో ఎవరో దాన్ని పలికారు. ఒక్కసారి కాదు, ఇంకొకరి నోటికి కూడా పట్టేటన్నిసార్లు పలికారు.

"నేనేనండీ" అన్నాను.

ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళ దాకా చూసింది, చేపని కొనేముందు చూసినట్టు.

"మా అక్కని నేనొకటే అడిగాను. రేపు పొద్దుటి స్టీమరుకి వెళ్తావా, ఉంటావా అని. తను చెప్పదట. మిమ్మల్ని అడగమంటోంది." గరిటె నా వైపు తిరిగింది. "ఏం చెబుతారు?"

బల్ల మొత్తం నా వైపు తిరిగింది. ఆగాథా గారింకా లేవలేదు. నేను లేచి నిలబడ్డాను.